గుర్రానికి జీను ఎప్పుడు వెయ్యాలి?

పెళ్లిళ్ల రోజుల్లో సాయంకాలం పూట అమీర్‌పేట, పంజాగుట్ట వీధుల్లో నడిచి చూడండి. బ్యాండు మేళం, దీపాల వరసలు, వాటి నడుమ అలంకరించిన గుర్రం, దాని మీద పెళ్లికొడుకు. బరాత్‌లో అందరూ పెళ్లికొడుకునే చూస్తారు. ఈసారి మీరు గుర్రాన్ని చూడండి. చూసి ఒక ప్రశ్న వేసుకోండి: దీని వయసెంత? మనిషిని మొయ్యగల వయసు దీనికి వచ్చిందా?

ప్రశ్న చిన్నదే. కాని దాని వెనక ఎముకల శాస్త్రం వుంది, పళ్ల లెక్క వుంది, చట్టం వుంది. నోరులేని ఒక జీవి జీవితకాలపు ఆరోగ్యం దాని మీద ఆధారపడి వుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. గుర్రపుపిల్లకు చదువు పుట్టిన నాటినుంచీ మొదలు పెట్టవచ్చు. మనిషి బరువు మాత్రం మూడున్నర ఏళ్లు నిండకుండా వెయ్యరాదు. పెళ్లికొడుకును మోసే పని అయిదేళ్లు నిండిన తరువాతే. ఎందుకో వివరిస్తాను. మీరూ ఆలోచించి, ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోండి.

ఈ ప్రాంతానికీ గుర్రాలకూ పాత చుట్టరికమే వుంది. అమీర్‌పేట అనే పేరు పైగా వంశపు ప్రభువుల 'అమీర్-ఎ-కబీర్' బిరుదు నుంచి వచ్చిందంటారు. ఆ పైగాలే నిజాం సొంత అశ్వికదళాన్ని పోషించినవారు. ఇప్పుడు ఆ వీధుల్లో కోచింగ్ సెంటర్లు, మెట్రో స్టేషన్లు వచ్చాయి. గుర్రం మాత్రం పెళ్లి ఊరేగింపులో ఇంకా కనిపిస్తూనే వుంది.

ఎత్తు చూసి మోసపోవద్దు

రెండేళ్ల గుర్రపుపిల్ల చూడటానికి దాదాపు పెద్ద గుర్రమంత ఎత్తు వుంటుంది. అందుకే చాలామంది "ఇంకేం, ఎదిగింది కదా" అనుకుంటారు. ఎత్తు పెరగటం వేరు, ఎముక ముదరటం వేరు. ఈ తేడా తెలియాలంటే ఎముక ఎలా పెరుగుతుందో తెలియాలి.

పొడుగాటి ఎముకల చివరల దగ్గర మెత్తటి మృదులాస్థి పొర ఒకటి వుంటుంది. దానిని 'పెరుగుదల పలక' అందాం. అందులో కొత్త కణాలు పుడుతూ వుంటాయి. పాతవి గట్టిపడి ఎముకగా మారుతూ వుంటాయి. ఎముక పొడుగు పెరిగేది అలాగే. పెరుగుదల ముగిశాక ఆ పలక కూడా ఎముకగా మారి, రెండు ముక్కలూ అతుక్కుపోతాయి. అంతవరకూ ఎముకలో అదే బలహీనమైన చోటు.

మీ ఎముకల్లోనూ ఇప్పుడు ఈ పలకలు పని చేస్తూనే వున్నాయి. పిల్లల ఎముకల వయసు తెలుసుకోవాలంటే డాక్టర్లు ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీయిస్తారు. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి మీరెరిగినదే. అది 1960ల్లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అంటే ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది. ఎముకల డాక్టరును ఎవరిని అడిగినా, పెరుగుదల పలక తెరిచి వుందా మూసుకుందా అన్నది ఎంత ముఖ్యమో చెబుతారు.

గుర్రం విషయంలోనూ పశువైద్యులు సరిగ్గా ఆ కీలునే చూస్తారు. అదెలాగంటారా? గుర్రపు ముందుకాలిలో మనం 'మోకాలు' అనుకునేది నిజానికి మోకాలు కాదు, మణికట్టు! మీ చేతిని బల్లమీద పెట్టి, మణికట్టు పైకెత్తి, ఒక్క మధ్యవేలి కొన మీదే నిలబెట్టినట్లు ఊహించండి. అదే గుర్రపు ముందుకాలు. ఆ వేలి గోరే డెక్క.

గుర్రం కాళ్లలో పలకలు సాధారణంగా కిందనుంచి పైకి మూసుకుంటూ వస్తాయి. డెక్కకు దగ్గరగా వుండే ఎముకల్లో ఏడాదికి అటూ ఇటూగా మూసుకుంటాయి. ఆ 'మోకాలి'కి సరిగ్గా పైనున్న పలక మూసుకోవటానికి రెండు నుంచి రెండున్నర ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అన్నిటికన్నా చివర వెన్నుపూసల వంతు. అవి పూర్తిగా ముదరటానికి అయిదేళ్లు దాటుతుంది.

మరి మనిషి ఎక్కి కూర్చునేది ఎక్కడ? వెన్ను మీదే. ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య, కింద ఏ స్తంభమూ లేని చోట. పంజాగుట్ట ఫ్లైఓవర్‌ను చూడండి. అలాంటి వంతెన కట్టేటప్పుడు కాంక్రీటు పోసిన మర్నాడే సెంట్రింగ్ ఊడదీసి లారీలు నడిపిస్తారా? గట్టిపడేదాకా ఆగుతారు. కాంక్రీటు బలాన్ని 28 రోజుల లెక్కన పరీక్షించటం ఇంజనీర్లకు అలవాటు. గుర్రం వెన్నుకు కూడా అలాంటి గడువే వుంది. అయితే అది రోజుల్లో కాదు, ఏళ్లలో.

పళ్లు చెప్పే లెక్క

గుర్రం వయసుకు పుట్టినతేదీ కాగితం వుండకపోవచ్చు. అయినా ఆ లెక్క దాని నోట్లోనే వుంది. మీకు లాగే గుర్రానికీ మొదట పాలపళ్లు వస్తాయి. ముందు వరసలో కిందా పైనా ఆరేసి పళ్లు వుంటాయి. వాటిలో మధ్యనున్న జత రెండున్నర ఏళ్లప్పుడు ఊడి, కొత్త పళ్లు వస్తాయి. వాటి పక్కవి మూడున్నర ఏళ్లకు, చివరి మూలవి నాలుగున్నర ఏళ్లకు మారతాయి. అయిదేళ్లు వచ్చేసరికి అన్నీ శాశ్వత పళ్లే. పాలపళ్లు చిన్నవి, తెల్లనివి, మొదట్లో సన్నగా నొక్కినట్లు వుంటాయి. శాశ్వత పళ్లు పెద్దవి, కాస్త పసుపు రంగువి.

చూశారా, ఎంత చక్కని లెక్కో! రెండో జత మారేసరికి తేలికపాటి స్వారీ నేర్పవచ్చు. మూలపళ్లు వచ్చి నోరు నిండేసరికి వెన్ను కూడా ముదురుతూ వుంటుంది. (ఇది చదివి మీరు ఏ గుర్రం నోరూ తెరవబోకండి. ఆ పని యజమానిదో, పశువైద్యుడిదో.)

మొక్కై వంగనిది మానై వంగునా?

ఇక్కడ కొందరు ఈ సామెత గుర్తు చేస్తారు. చిన్నప్పుడే నేర్పకపోతే పెద్దయ్యాక గుర్రం మాట వినదని వారి వాదన. అందులో నిజం వుంది. కాని మొక్కను వంచటం వేరు, మొక్క మీదికెక్కి కూర్చోవటం వేరు!

నేర్పవలసినవి ఎన్నో వున్నాయి. వాటికి వీపు మీద ఎక్కనక్కర లేదు. కాళ్లు ఎత్తి డెక్కలు శుభ్రం చేయించుకోవటం, పగ్గం పట్టుకుంటే పక్కన నడవటం, ఆగమంటే ఆగటం, కళ్లెం పెట్టించుకోవటం, ఖాళీ జీనుకు అలవాటు పడటం, ఇవన్నీ బరువు లేకుండానే నేర్పవచ్చు. 2,300 ఏళ్ల కిందటే గ్రీకు దేశపు జెనొఫోన్ గుర్రపు స్వారీ గురించి ఒక గ్రంథం రాశాడు. గుర్రపుపిల్లను జనసమ్మర్దంలో నడిపించి రకరకాల దృశ్యాలకూ చప్పుళ్లకూ అలవాటు చెయ్యాలనీ, బెదిరితే కొట్టకుండా మంచితనంతో భయం పోగొట్టాలనీ అందులో చెప్పాడు. బరాత్‌కు పనికివచ్చే పాఠం ఇదే కదా! మూడేళ్ల పిల్లను ఊరేగింపుకు కాస్త దూరంగా, వీపు మీద ఎవరూ లేకుండా నడిపిస్తే చాలు. అదే దాని బడి.

శాస్త్రం మరో మాట కూడా చెబుతుంది. దానిని దాచటం న్యాయం కాదు. ఎముకకు బొత్తిగా పని లేకపోయినా అది బలపడదు. తన మీద పడే ఒత్తిడినిబట్టి ఎముక తన ఆకారాన్నీ బలాన్నీ మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. టెన్నిస్ ఆటగాళ్లకు బ్యాటు పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా మందంగా వుంటుంది. గుర్రపుపిల్లలూ అంతే. ఇరుకు కొట్టంలో కట్టేసి పెంచిన వాటికన్నా బయట పరుగెత్తి ఆడుకునే వాటి ఎముకలు గట్టిగా వుంటాయి. కాబట్టి నేను "అయిదేళ్లదాకా కదలనివ్వకండి" అనటం లేదు. "పరుగెత్తనివ్వండి, మోయించకండి" అంటున్నాను.

మలక్‌పేటలో వేరే లెక్క

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఎల్.బి. నగర్ వైపు వెళితే మలక్‌పేట వస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో గుర్రప్పందాలు మౌలాలీ నుంచి అక్కడికి మారాయి. పందెపు గుర్రాల లోకంలో రెండేళ్ల వయసుకే పందాలు మొదలవుతాయి. అంటే జీను అంతకు ముందే వేస్తారు.

పైగా అక్కడ వయసు లెక్కే వేరు. ఏ నెలలో పుట్టినా సరే, ప్రతి జనవరి 1న గుర్రానికి ఒక ఏడు పెరుగుతుంది. 2023 ఏప్రిల్ మొదట్లో పుట్టిన పిల్లకు 2025 జనవరి 1న 'రెండేళ్లు'. వేళ్లమీద లెక్కపెట్టండి, నిండినవి 21 నెలలే. ఎముకకు ఈ క్యాలెండరు తెలియదు.

ఇలా తొందరగా మొదలుపెట్టినా నష్టం లేదని వాదించేవారు వున్నారు. కొన్ని దేశాల్లో రికార్డులు పరిశీలిస్తే, రెండేళ్లకే పందెంలో దిగిన గుర్రాలు ఎక్కువకాలం పరుగెత్తినట్లు తేలింది. కాని మీరు విజ్ఞాన విద్యార్థులు, కాస్త ఆగి ఆలోచించండి. రెండేళ్లకు పందెంలో దిగేవి ఏవి? ముందే దృఢంగా, ఆరోగ్యంగా వున్నవి. బలహీనమైనవి ఆలస్యంగా దిగుతాయి, లేదా అసలు దిగవు. అలాంటప్పుడు ఎక్కువకాలం పరుగెత్తటానికి కారణం తొందరగా మొదలుపెట్టటమా, పుట్టుకతో వచ్చిన దృఢత్వమా? ఆ లెక్క ఒక్కటే దీనిని తేల్చలేదు. రెండేళ్ల గుర్రాలను వేగంగా పరుగెత్తించినపుడు ముందుకాలి ఎముక ముందువైపు వాచి నొప్పిపుట్టటం పందెపు శాలల్లో అందరికీ తెలిసిన జబ్బే.

పైగా పందెపు గుర్రానికి పశువైద్యుడు, ఎక్స్‌రే, మంచి దాణా, మెత్తటి బాట, తేలికపాటి జాకీ వుంటారు. తారురోడ్డు మీద నడిచే ఊరేగింపు గుర్రానికి వీటిలో ఎన్ని వున్నాయి? ప్రపంచంలో ఆగేవాళ్లూ వున్నారు. వియన్నాలోని ప్రసిద్ధ స్పానిష్ రైడింగ్ స్కూలు తన లిపిజాన్ గుర్రాలకు దాదాపు నాలుగేళ్లప్పుడే స్వారీ చదువు మొదలుపెడుతుంది. ఐస్‌లాండ్ వారు కూడా తమ గుర్రాలకు నాలుగేళ్లు వచ్చేదాకా ఆగుతారు.

ఒక చిన్న లెక్క

రౌతు, జీను కలిసి గుర్రం బరువులో అయిదో వంతుకు మించకుండా వుండాలని పాతకాలం నుంచీ ఒక నియమం వుంది. 300 కిలోల గుర్రాన్ని తీసుకోండి. అయిదో వంతు 60 కిలోలు. పెళ్లికొడుకు 70 కిలోలు, అలంకరించిన జీను 10 కిలోలు, ముందు కూర్చోబెట్టిన పిల్లవాడు 20 కిలోలు. మొత్తం 100, అంటే మూడో వంతు! ముదిరిన గుర్రానికే ఇది ఎక్కువ. లేత వెన్ను మాట చెప్పాలా?

బరువు మోసే జంతువుల గురించి మన దేశంలో 1965లో చేసిన నియమాల్లో పోనీ గుర్రం మీద మూటల బరువు 70 కిలోలు దాటరాదని వుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను, వయసు కారణంగా పనికి తగని జంతువు చేత పని చేయించటం నేరమంటుంది. అయితే ఆ వయసు ఎంతో, ఏ జంతువుకు ఎన్నేళ్లో ఆ సెక్షను చెప్పదు. గుర్రానికి ఆ అంకె కూడా రాయాలని నేనంటాను. అయిదేళ్లు అని రాస్తే, పళ్లు చూసి ఎవరైనా తేల్చవచ్చు.

మరి యజమాని మాట?

ఊరేగింపు గుర్రాలు పెట్టుకున్నవారు ధనవంతులు కారు. అయిదేళ్లపాటు సంపాదన లేకుండా దాణా ఎలా పెడతారని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. కాని చక్కగా చూసుకున్న గుర్రం పాతికేళ్లు బతుకుతుంది. రెండు మూడేళ్లు ఆగితే ఆ తరువాత పది పన్నెండేళ్లు హాయిగా పనిచేస్తుంది. తొందరపడి వెన్ను చెడగొడితే, కుంటిదానికి కూడా దాణా పెట్టవలసిందే. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అని సామెత. రౌతు తొందరపడితే మాత్రం అది నిజంగానే మూడు కాళ్ల మీద నడుస్తుంది!

ఆ రెండు మూడేళ్ల భారం ఒక్క యజమాని మీదే పడకూడదు. గుర్రాన్ని కుదుర్చుకునే పెళ్లివారు "నోరు నిండిన గుర్రమే కావాలి" అని అడిగి, దానికి నాలుగు డబ్బులు ఎక్కువ ఇస్తే, ఆగటం యజమానికి లాభసాటి అవుతుంది.

పెరిగే ఎముకకు ఈ గౌరవం మనుషుల విషయంలో ఇప్పటికే మొదలైంది. మీ పుస్తకాల సంచీ మీ బరువులో 10 శాతం దాటరాదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం చెబుతుంది. కుర్ర ఫాస్ట్ బౌలర్ల నడుము ఎముక చిట్లకుండా, ఏ వయసువారు ఎన్ని ఓవర్లు వెయ్యవచ్చో ఇంగ్లండు, ఆస్ట్రేలియా క్రికెట్ సంస్థలు పరిమితి పెట్టాయి. సంచీ బరువైతే మీరు నోరు తెరిచి చెప్పగలరు. గుర్రం చెప్పలేదు.

అందువల్ల మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పెళ్లి కుదిరినపుడు పెద్దవాళ్లచేత గుర్రం యజమానిని మర్యాదగా రెండు ప్రశ్నలు అడిగించండి: "దీనికి మూలపళ్లు వచ్చాయా? ఇది ఎంత బరువుంటుంది?" జవాబు తృప్తిగా లేకపోతే పెళ్లికొడుకును నడవమనండి. బాజాల ముందు నడవటం పెళ్లికొడుక్కి కష్టమేమీ కాదు.