ఇంటి యంత్రానికి ఇంటిమాట

ఇంటికి పెత్తనము ఎవరిదని అడిగినచో, తాళాల గుత్తి ఎవరి బొడ్డున ఉన్నదో చూచి చెప్పు రోజు లొకప్పుడు ఉండెడివి. నేడు ఆ గుత్తి సెల్‌ఫోనులోనికి చేరుచున్నది. ఏసీ, గీజరు, ఫ్యాను, దీపము, నీళ్ల మోటారు - అన్నింటిని ఒక్క యాప్‌తో నడుపు సదుపాయము మధ్యతరగతి ఇండ్లలోనికి వచ్చినది. సంతోషింపదగిన విషయమే. ఐతే ఆ యాప్ ఎవరి చేతిలో ఉన్నది, ఏ భాషలో మాట్లాడుచున్నది అను రెండు ప్రశ్నలను దానిని రూపొందించువారు ముందుగా వేసికొనవలెను.

భాష సంగతి చూతము. ఇంగ్లీషులో అన్ని యంత్రములకు ‘ఆన్’, ‘ఆఫ్’ అను రెండు మాటలు చాలును. తెలుగింట అట్లు కాదు. లైటు వేస్తాము, తీసేస్తాము, దీపమైతే ఆర్పుతాము. టీవీ పెడతాము, కట్టేస్తాము. హైదరాబాదు ఇండ్లలో దేనినైనను ‘బంద్ చెయ్యి’ అన్న సరిపోవును. యాప్ మాత్రము ‘ప్రారంభించు’, ‘నిలిపివేయి’, ‘పరికరము అనుసంధానించబడలేదు’ అనును. ఇందులో వ్యాకరణదోషము లేదు. ఇంట ఎవ్వరును అనని మాట లగుటయే దోషము. సభలు ప్రారంభింపబడును గాని ఫ్యానులు ప్రారంభింపబడునా?

దీనికి కారణము కలదు. యాప్‌లోని మాటలను విడివిడిగా జాబితా వ్రాసి అనువాదకునకు ఇచ్చుట పరిపాటి. ఏ మాట ఏ యంత్రము ప్రక్కన కనబడునో అతడెరుగడు. పైగా వస్తువు పేరుకు విభక్తిని యంత్రమే అతికించును. ‘మోటారు’కు ‘ను’ చేర్చిన సూత్రమే టీవీకి పట్టి ‘టీవీను’ అగుచున్నది.

చదువుల విషయమున ఇట్టి ప్రశ్న హైదరాబాదుకు పూర్వమే ఎదురైనది. బౌద్ధనగర్‌కు సమీపముననే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో ఏర్పడినది. అంతకు ముందు ఏడాదియే, 1917లో, పాఠ్యగ్రంథముల కొరకు అనువాదశాఖను నెలకొల్పిరి. ఆధునిక శాస్త్రములను దేశభాషలో చెప్పవచ్చునని నిరూపించిన ఘనకార్యమది. కాని ఆ రాజ్యప్రజలలో అధికసంఖ్యాకుల ఇంటిభాష తెలుగో, మరాఠీయో, కన్నడమో గాని ఉర్దూ కాదు. దేశభాష అయినంత మాత్రమున ఇంటిభాష కాదని ఈ చరిత్ర నేర్పుచున్నది. తెలుగు లిపిలో ఉన్నంత మాత్రమున యాప్ తెలుగింటిది కాదనుటయు అట్టిదే.

‘ఆన్, ఆఫ్ అందరికి తెలిసినవే కదా, ఈ తాపత్రయమెందుకు?’ అని కొందరందురు. నిజమే, అవి నేడు తెలుగు మాటలే. గీజరును ఉష్ణజలయంత్రము చేయుమని నేను కోరుట లేదు. చిక్కు మీట వద్ద కాదు, ప్రమాదము వద్ద వచ్చును. సంపులో నీరు అయిపోయి మోటారు వట్టిగా తిరుగుచున్నప్పుడు వచ్చు హెచ్చరికను ఇంట నున్న పెద్దావిడ చదివి గ్రహింపలేనిచో, ఆ యాప్ ఎన్ని హంగులతో ఉన్నను వృథా. ‘సంపులో నీళ్లు లేవు, మోటారు కట్టెయ్యండి’ అన్న చాలును గదా!

పెత్తనము సంగతియు ఇట్టిదే. యాప్ కుమారుని ఫోనులో ఉండి, అతడు ఆఫీసులో ఉన్నచో, తన వంటింటి యంత్రము కొరకు తల్లి అతనికి ఫోను చేయవలసి వచ్చును. కనుక గోడ మీది మీట ఎప్పటివలె పనిచేయవలెను. ఇంటర్నెట్టు లేకున్నను దీపము వెలుగవలెను. ఇంటిలోని వారందరికి ప్రవేశముండవలెను. అమెరికా పండితుడు డొనాల్డ్ నార్మన్ 1988లో ప్రకటించిన గ్రంథములో పొయ్యి మీటలను ఉదాహరణగా చూపెను. ఏ మీట ఏ పొయ్యిదో తెలియకున్న తప్పు వాడువారిది కాదు, అమర్చినవారిది అని ఆయన వాదము. రూపకర్త ముందుగా చేసిన నిర్ణయమునకు బలమెక్కువ. 2020 జనవరి 1 నుండి మన దేశమున గది ఏసీలు మొదట 24 డిగ్రీల వద్దనే మొదలగునట్లు నిబంధన వచ్చినది. ఎవ్వరిని నిర్బంధింపకయే కరెంటు ఆదాకు దారి చూపు ఉపాయమది. అట్లే తెలుగింటికి పోవు యాప్ తెలుగులోనే తెరచుకొనునట్లు చేయరాదా?

ఈ పని ఇంజనీర్ల వలన మాత్రమే కాదు. ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో ఒక చిన్న అభ్యాసము చేయించవచ్చును: మీ ఇంట ఏ యంత్రమును ఏ మాటతో వేయుదురు, ఏ మాటతో ఆపుదురు? కోస్తా మాట, తెలంగాణ మాట, దక్కనీ మాట ఒకే పలకమీదికి వచ్చును. నోటిమాట విని నడచు యంత్రములకు ‘కట్టెయ్యి’, ‘బంద్ చెయ్యి’ రెండును తెలియవలసినవే. నేడు ఆ జాబితా వ్రాయు విద్యార్థియే రేపు యాప్ వ్రాయువాడు కావచ్చును. వానికి తెలుగు పాఠము పరీక్ష వరకే కాదు, పనిముట్టు వరకు వచ్చునని చెప్పుట మన బాధ్యత.