లిబ్రేఆఫీస్ లాంటి ఎడిటర్‌కి ఏ స్క్రిప్టింగ్ లాంగ్వేజ్ బెస్ట్? అంగళ్లు నుంచి నా ఓటు దీనికే!

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అని పది వీడియోలు చూస్తాం. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఫ్రీనా, కాదా?" అని ఒక్కటే అడుగుతాం. లోపల ఏ స్క్రిప్టింగ్ లాంగ్వేజ్ ఉందో ఎవరికీ పట్టదు. నిజానికి పట్టాల్సిందే.

ఎందుకంటే మా అంగళ్లు, మదనపల్లె వైపు డీటీపీ షాపుల్లో, కాలేజీ ఆఫీసుల్లో, టమాటా మండీల్లో రోజూ జరిగేది ఒకే రకం పని. అదే బిల్లు, అదే సర్టిఫికెట్, పాత అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చుకోవడం. చేత్తో చేస్తే గంట పట్టే ఈ పనిని మాక్రో నిమిషంలో చేసేస్తుంది. ఆ మాక్రో రాసే భాషే ఎంబెడెడ్ స్క్రిప్టింగ్ లాంగ్వేజ్.

ఇప్పుడు ఎవరు ఏం వాడుతున్నారు?

2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయిన లిబ్రేఆఫీస్‌లో బేసిక్ ఉంది, పైథాన్ ఉంది, ఇంకా బీన్‌షెల్, జావాస్క్రిప్ట్ కూడా ఉన్నాయి. ఓన్లీఆఫీస్ జావాస్క్రిప్ట్ మాక్రోలతో వస్తుంది. పేజీ డిజైన్ చేసే స్క్రైబస్ పైథాన్‌ని నమ్ముకుంది. పుస్తకాలు కూర్చే లువాటెక్, 2017లో వచ్చిన పాన్‌డాక్ 2.0 మాత్రం బ్రెజిల్‌లో 1993లో పుట్టిన లువాని పెట్టుకున్నాయి.

అంటే కొత్తగా ఒక ఎడిటర్ కట్టేవాళ్లకి గట్టి పోటీదారులు మూడే: పైథాన్, లువా, జావాస్క్రిప్ట్. ఒక్కోటి చూద్దాం.

పైథాన్: అందరికీ ఇష్టం, కానీ...

మన ఇంజనీరింగ్ పిల్లలకి బాగా వచ్చిన భాష ఇదే. లైబ్రరీలకి లెక్కే లేదు. సమస్య ఎక్కడంటే, పైథాన్‌ని ఒక గదిలో పెట్టి తాళం వేయడం చాలా కష్టం. అందుకోసం ఒకప్పుడు ఉన్న మాడ్యూళ్లని పైథాన్ టీమే నమ్మదగినవి కావని పక్కన పెట్టేసి, వెర్షన్ 3లో పూర్తిగా తీసేసింది. పైథాన్ మాక్రో ఒకసారి రన్ అయిందంటే మీ ఫైళ్లన్నీ దాని చేతిలో ఉన్నట్టే.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2019లో లిబ్రేఆఫీస్‌లోని లిబ్రేలోగో అనే పిల్లల డ్రాయింగ్ టూల్‌లో ఇలాంటి లోపమే బయటపడింది. అది లోగో ఆదేశాలని పైథాన్‌గా మార్చి రన్ చేస్తుంది. డాక్యుమెంట్‌లోని లింక్ మీద మౌస్ వెళ్తే చాలు, ఏ వార్నింగూ లేకుండా దాడి చేసేవాడి కోడ్ నడిచే అవకాశం ఉండింది. తర్వాత సరిచేశారనుకోండి. కానీ వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫైల్‌నీ తెరిచే జిరాక్స్ షాపు కంప్యూటర్‌ని ఒక్కసారి ఊహించుకోండి.

లువా: చిన్నది, వేగం, చెప్పినట్టు వింటుంది

లువా సైజు కొన్ని వందల కేబీలే. మనం ఇచ్చిన ఫంక్షన్లు తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా కట్టడి చేయడం కూడా తేలిక. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌కి అస్సలు బరువనిపించదు. ఇంజనీర్‌గా చూస్తే పొదిగే పనికి ఇంతకన్నా మంచి భాష లేదంటాను. కానీ మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో లువా వచ్చిన వాళ్లని వెతికి పట్టుకోవాలి. మాక్రో చెడిపోతే బాగుచేసే మనిషి దొరకాలి కదా!

జావాస్క్రిప్ట్: అందంగా ఉండదు, అన్నిచోట్లా ఉంటుంది

ఆండ్రాయిడ్‌లో వెబ్‌వ్యూ ఉంది, ఐఫోన్‌లో జావాస్క్రిప్ట్‌కోర్ ఉంది. అంటే ఇంజన్ మీ జేబులో రెడీగా ఉన్నట్టే. పైథాన్‌ని అయితే యాప్‌తో పాటు మోసుకెళ్లాలి. బ్రౌజర్‌లో లాగానే దీన్ని కట్టడి చేసి నడపొచ్చు. గూగుల్ డాక్స్ స్క్రిప్ట్‌లు రాసిన వాళ్లకి మళ్లీ నేర్చుకునే పనే లేదు.

అసలు టెస్ట్: అంగళ్లులో ఎన్ని అక్షరాలు?

బెంచ్‌మార్క్ స్కోర్లు పక్కన పెట్టండి. మా ఊరి పేరే తీసుకుందాం. "అంగళ్లు" అంటే అం, గ, ళ్లు. ఒకటో తరగతి పిల్లాడు కూడా మూడు అని చెప్తాడు. లువాలో మామూలుగా పొడవు అడిగితే 21 అంటుంది, బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి. పైథాన్, జావాస్క్రిప్ట్ 7 అంటాయి, అవి యూనికోడ్ గుర్తుల్ని లెక్కేస్తాయి. లువాలో యూటీఎఫ్-8 లైబ్రరీ వాడినా 7 దగ్గరే ఆగుతుంది.

ఇక ఏడు "అక్షరాల" దగ్గర పేరు కత్తిరించే మాక్రో రాశారనుకోండి. ఒకరి పేరులో వత్తు ఎగిరిపోతుంది, ఇంకొకరి పేరులో గుడి పోతుంది. ఆ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగేది మన పిల్లలే.

జావాస్క్రిప్ట్‌కి ఇక్కడ ఒక ప్లస్ ఉంది. కొత్త బ్రౌజర్ ఇంజన్లలో పదాన్ని అక్షరాలుగా విడగొట్టే సెగ్మెంటర్ బిల్టిన్‌గా వస్తుంది. పాత యూనికోడ్ రూల్స్‌తో అదీ ళ్, లు అని విడదీసి 4 అనేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాలని కలిపే ఉంచమంది. ఆ రూల్ ఉన్న ఇంజన్‌లో జవాబు కరెక్ట్‌గా 3.

ఫైనల్‌గా

నా ఓటు జావాస్క్రిప్ట్‌కి. డాక్యుమెంట్ లోపల నడిచే మాక్రోలకి అదొక్కటే ఉండాలి, అదీ కట్టడిలో. పైథాన్‌ని యూజర్ కావాలని ఇన్‌స్టాల్ చేసుకునే ఎక్స్‌టెన్షన్‌గా మాత్రమే ఉంచాలి. పాత బేసిక్ మాక్రోలు నడుస్తూనే ఉండాలి, ఏళ్ల తరబడి రాసుకున్నవాళ్లని నట్టేట ముంచకూడదు.

కానీ భాష ఏదైనా ఒక షరతు. తెర మీద తెలుగుని సరిగ్గా పేర్చడానికి ఎడిటర్‌కి అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎలాగూ తెలియాలి. ఆ తెలివిని తన దగ్గరే దాచుకోకుండా మాక్రో రాసేవాళ్లకి ఒక ఫంక్షన్‌గా ఇవ్వాలి.

ఓపెన్‌సోర్స్ కాబట్టి ఇది ఎవరినో బతిమాలుకోవాల్సిన పని కాదు. మా చుట్టుపక్కల ఇంజనీరింగ్ పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుకుతుంటే, ఇంకో అటెండెన్స్ యాప్ కాకుండా ఇది తీసుకోండి. మీ ఊరి పేరుతోనే టెస్ట్ మొదలుపెట్టండి.