సిపాయి బిడ్డకు ఏ భాష?

కేంద్రీయ విద్యాలయాలు జాతీయ సమైక్యతకు పునాదులని మురిసిపోయే అధ్యాపక మిత్రులను నేనెరుగుదును. ఆ పునాదిలో ఏమి పూడ్చిపెట్టారో కూడ చూడమంటాను.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరమంటారు. రెండు ప్రపంచయుద్ధాలకూ మనుషులనిచ్చిన ఊరది. సిపాయికి బదిలీ తప్పదు. బిడ్డల చదువు ఎక్కడికక్కడ తెగిపోతుంది. రెండవ వేతన సంఘం సిఫారసుపై 1962లో పథకం మంజూరయింది. 1963లో, రక్షణ సిబ్బంది ఎక్కువగా ఉన్నచోట్ల నడుస్తున్న 20 రెజిమెంటల్ పాఠశాలలు సెంట్రల్ స్కూళ్లయినాయి. మంచి పనే. కాదన్నవాడు సిపాయి కష్టం తెలియనివాడు.

కాని బోధనభాషలు హిందీ, ఇంగ్లీషు. తెలుగు కోరేవారుంటే అదనపు పాఠం, అంతే. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించడానికి కృషి చేయాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. కంటోన్మెంటు గేటు దగ్గర కాపలావాడు దాన్ని ఆపేశాడు కాబోలు!

"ఎన్ని భాషలకని ఏర్పాటు చేస్తాం?" అంటారు. అమెరికా సైన్యం 1946లో, తాను ఆక్రమించిన జర్మనీ, జపానుల్లోనే తన కుటుంబాలకు బడులు తెరిచి ఇంగ్లీషులో చదువు చెప్పించింది. (ఆ సైన్యం అక్కడ దశాబ్దాల తరబడి ఎందుకు తిష్ఠవేసిందో నేను మరువలేదు.) వారిది ఒక్క భాషే, నిజం. నేను భాషకొక బడి అడగడం లేదు. తెలుగు సిపాయిలు ఎక్కువగా ఉన్నచోట ఐదో తరగతి దాకా వాచకాలూ, ఒక తెలుగు పంతులూ అడుగుతున్నాను. ఫిరంగులు మోసే రైలుకు ఆ వాచకాలు బరువా?

పింఛనుతో ఊరు చేరిన తండ్రి వెంట వచ్చిన కుర్రవాడు నా డిగ్రీ తరగతికి వస్తాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు. చదవలేక హిందీ తీసుకుంటాడు.