విత్తు కొట్టిన గుర్రానికి పొడి పెడితే చాలా?

టెక్సాస్‌లో ఉన్న మా అన్న కూతురు పోయిన వారం ఫోన్ చేసింది. "చిన్నాయనా, మా పాప గుర్రానికి ఎప్పుడో విత్తు కొట్టించేసినారంట. అయినా ఆడ గుర్రం కనిపిస్తే చాలు, సకిలిస్తా మీదికి ఎగబడతాది. మొన్న పట్టుకోబోతే పాప చెయ్యి కొరికింది. నిమ్మళం చేసే పొడి అని ఒక డబ్బా పెట్టినాం, అయిపోయింది. ఇంకోటి తెప్పించేదా?"

పొదటూరుపేటలో మగ్గాల మోత మధ్య కూర్చున్నవాళ్లకు గుర్రాల సంగతి ఏం తెలుసు అనుకోవద్దు. మా తాత తిరుత్తణి రైలుకు జట్కా తోలినవాడు. 1960 ఏప్రిల్ 1న మా తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారకముందు మాట అది. ఆయన కొన్న గుర్రమూ ఇట్లాంటిదే, విత్తు పోయినా బుద్ధి పోలేదు. పని లేని రోజు దానికి ఉలవలు పెట్టేవాడు కాదంట. ఆడ గుర్రం కట్టిన బండి పక్కన ఎన్నడూ నిలిపేవాడు కాదంట. అట్లనే 12 ఏండ్లు బండి లాగించినాడని అవ్వ చెప్పేది.

మేము చెప్పింది ఒకటే: రెండో డబ్బా కొనకముందు రక్తపరీక్ష చేయించమని. కొన్ని గుర్రాలకు ఒక వృషణం కిందికి దిగకుండా కడుపులోనో గజ్జలోనో ఉండిపోతుంది. బయట కనిపించే ఒక్కటి తీసేసి పని అయిపోయిందనుకుంటారు. కడుపులో ఉండిపోయినదాని వల్ల పిల్లలు పుట్టకపోయినా, టెస్టోస్టిరాన్ మాత్రం ఊరుతానే ఉంటుంది. దాన్ని ఏ పొడీ ఆపదు, ఆపరేషన్ చేసి తీయాల్సిందే. టెస్టోస్టిరాన్, ఏఎంహెచ్ అనే హార్మోన్లు రక్తంలో చూస్తే సంగతి తేలుతుంది.

రెండూ తీసేసినా కొన్నింటికి ఆ చేష్టలు పోవు. 1985లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలనలో, విత్తు తీసిన గుర్రాల్లో నూటికి 20 నుంచి 30 దాకా ఆడ గుర్రాల దగ్గర మగ గుర్రంలాగే నడుచుకున్నాయి. ఈడు రాకముందు తీసినా, వచ్చినాక తీసినా పెద్ద తేడా లేదు. అట్లాంటిదైతే మా తాత దారే మేలు: ఆడ గుర్రాలకు దూరంగా కట్టడం, పని పెంచడం, దాణా తగ్గించి ఎండుగడ్డి పెట్టడం.

డబ్బా మీది పేర్లు కూడా చదివించుకున్నాం. మెగ్నీషియం, ట్రిప్టోఫాన్, చేస్ట్‌బెర్రీ. మెగ్నీషియం తక్కువైన గుర్రానికైతే పనికొస్తుందేమో, మేతలో సరిపడా దొరికేదానికి ఎందుకు? ట్రిప్టోఫాన్ మీద జరిగిన పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగవు. చేస్ట్‌బెర్రీ మన వావిలికి దాయాది. యూరప్ మఠాల్లో సన్యాసులు కోరిక అణచుకోవడానికి తినేవారని దానికి పాత పేరు. ఆ పేరు చెప్పి ఇప్పుడు గుర్రాలకు అమ్ముతున్నారు! (అట్లని పెరట్లో వావిలాకు కోసి పెట్టేరు, అది వేరు, ఇది వేరు.)

లాయం వాళ్లు నెల గడువు పెట్టినారంట, మారకపోతే గుర్రాన్ని తోలుకుపొమ్మని. పాప ఒకటే ఏడుపు. ఆ నెలంతా పొడి పెట్టి ఎదురుచూస్తూ కూర్చుంటే పరీక్షకు రోజులు మిగలవని గట్టిగానే చెప్పాం. సోమవారం డాక్టరు వస్తాడంట.