శిల తరలింది, క్షేత్రం తరలిందా?

దేవాలయం కేవల శిలాసముదాయం కాదని ఆగమశాస్త్రాల నిశ్చయం. జీర్ణోద్ధరణ వేళ బింబంలోని దైవకళను కలశంలోకి ఆకర్షించి, బాలాలయంలో అర్చన కొనసాగించి, పనులు ముగిశాక పునఃప్రతిష్ఠ చేయడం విధి. కనుక అవసరం వచ్చినప్పుడు ఆలయాన్ని సవిధిగా కదల్చడం అపచారం కాదు; అర్చనాపరంపర తెగిపోవడం దోషం. ఈ సూక్ష్మాన్ని విస్మరించిన అభివృద్ధి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కృష్ణాతీరంలో ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

శ్రీశైలం జలాశయం కోసం 1981 నాటికి నూరుకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. లక్షకు పైగా జనులు నిర్వాసితులయ్యారు. కృష్ణా తుంగభద్రల సంగమాన ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో పునర్నిర్మించారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం, సోమశిల సోమేశ్వరాలయం కూడా మెరకకు తరలాయి. శిల్పసంపదను కాపాడిన ఆ శ్రమ శ్లాఘనీయమే. అయితే శిలలపై చూపిన శ్రద్ధ మనుషులపై చూపలేదు. ఆ వేసవిలో ఊళ్లను ఖాళీ చేయించిన చర్యకు 'ఆపరేషన్ డిమాలిషన్' అనే పేరే నిలిచింది. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగమిస్తామన్న 1986 నాటి జీవో 98 అమలు కోసం దశాబ్దాలు అర్జీలు పెట్టవలసి వచ్చింది. ఉత్సవమూర్తిని మోసిన భుజాలు, రథం లాగిన చేతులు చెల్లాచెదరయ్యాక మిగిలేది దర్శనీయ కట్టడం మాత్రమే.

టిబెట్ శరణార్థుల చరిత్ర ఇందుకు భిన్నం. 1959లో దేశం వీడినప్పుడు వారి విహారాల గోడలు వెంట రాలేదు. 1961లో కర్ణాటకలోని బైలకుప్పె వద్ద వారికి భూమి లభించింది. అక్కడ సేరా విహారం, ముండగోడు వద్ద గండెన్, డ్రెపుంగ్ విహారాలు మళ్లీ వెలిశాయి. పొలాలు, ఇళ్లు, పాఠశాల, విహారం ఒకే ఆవాసంలో ఇమిడాయి. గురుశిష్య పరంపర, శాస్త్రవాదం అవిచ్ఛిన్నంగా సాగాయి. నేడు బైలకుప్పె స్వర్ణమందిరానికి యాత్రికులు తండోపతండాలుగా వస్తున్నారంటే అక్కడ సజీవ సాధన ఉంది కనుకనే. సంస్కృతి ముందు నిలిచింది, పర్యాటకం దానిని అనుసరించింది.

కృష్ణాతీరంలో ఈ క్రమం తలక్రిందులైంది. 2015-16లో స్వదేశ్ దర్శన్ పథకం కింద ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పర్యావరణ పర్యాటకానికి 91.62 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. సోమశిల అందులో ఉంది. 2022లో సోమశిల వద్ద 1,082.56 కోట్ల తీగల వంతెనకు ఆమోదం లభించింది. దాని స్తంభానికి గోపురాకృతి, నడకదారికి గాజు అని ప్రకటించారు. గోపురాకారాన్ని కోరే యోచన, గోపురం కింద బ్రతికిన ఊరిని ఎందుకు స్మరించదు?

'బ్రహ్మం సర్వవ్యాపి కదా, ఊరు పోతేనేమి?' అనే ముముక్షువులూ ఉన్నారు. పారమార్థిక సత్యాన్ని వ్యవహారంలోని అన్యాయానికి కవచంగా తొడగడం వేదాంతం కాదు, తామసం. పర్యాటకం వస్తే పనులు వస్తాయన్న వాదం కొంత నిజమే. ఆ పనులలో తొలి హక్కు ఎవరిదన్నదే ప్రశ్న.

కర్తవ్యం స్పష్టం. దుకాణాలు, పడవలు, మార్గదర్శకుల కొలువులు ముందుగా నిర్వాసిత కుటుంబాలకు దక్కాలి. మునిగిన ప్రతి గ్రామం పేరూ స్నానఘట్టాలపై చెక్కించాలి. రథవీథిని వాహనాల నిలుపుదల స్థలంగా మార్చరాదు. చెదిరిన ఊళ్లవారు ఉత్సవానికి తిరిగివచ్చే ఏర్పాటు ఉండాలి.

ఆవలి ఒడ్డున, నంద్యాల జిల్లాలోని సప్తనదీ సంగమేశ్వరాలయం నెలల తరబడి నీటిలో ఉంటుంది. వేసవిలో నీరు తగ్గి ఆలయం బయటపడగానే పూజ మొదలవుతుంది, భక్తులు పడవలలో తరలివస్తారు. దానిని క్షేత్రంగా నిలుపుతున్నది ఆ రాకయే. స్వస్తి.