అరవడం నేర్పుతాం, రండి!

అక్కలారా, చెల్లెళ్ళారా, ఆడపిల్లల్ని కన్న అమ్మానాన్నలారా!

వచ్చే ఆదివారం నుంచి మన హైస్కూలు గ్రౌండులో ఆడవాళ్ళకు కర్రసాము, కరాటే నేర్పుతున్నాం. పొద్దున 6 గంటలకు. ఫీజు లేదు. ఎనిమిదేళ్ళ పాప నుంచి అరవయ్యేళ్ళ మామ్మ దాకా ఎవరైనా రావచ్చు.

మొదటి రోజు కర్ర ముట్టుకోనివ్వం. అరిపిస్తాం. నవ్వకండి, పోయిన వేసవిలో ఇదే జరిగింది. వరసలో నిలబెట్టి "వదులు!" అని గట్టిగా అరవమంటే సగం మందికి గొంతు పెగల్లేదు. కూరగాయల బండి దగ్గర అర్ధరూపాయి వదలని మనిషి కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. "మెల్లగా మాట్లాడు, వీధిలోకి వినబడుతోంది" అని పెంచిన గొంతులాయె, ఒక్క పూటలో లేస్తాయా?

గొంతు మీద ఇంత పట్టు ఎందుకంటే, చెయ్యి వేసేవాడు ఎప్పుడూ చీకట్లో ముసుగేసుకునే రాడు. 2021లో దేశంలో 31,677 అత్యాచారం కేసులు నమోదయ్యాయి. వాటిలో 96 శాతానికి పైగా కేసుల్లో నిందితుడు ఆమెకు ముందే తెలిసినవాడు. చుట్టం, పక్కింటివాడు, ప్రేమించానన్నవాడు, పని ఇప్పించినవాడు. ముక్కూముఖం తెలియనివాణ్ణి గుద్దడం నాలుగు వారాల్లో వస్తుంది. "బాబాయ్, చెయ్యి తియ్" అని పదిమందిలో అనడమే కష్టం. అందుకే అది ముందు.

కెనడాలో మూడు యూనివర్సిటీల్లో దాదాపు 900 మంది అమ్మాయిల మీద ఈ సంగతే పరీక్షించి, 2015లో ఫలితం ప్రకటించారు. కొందరికి 12 గంటల శిక్షణ ఇచ్చారు, మిగతావారికి కరపత్రాలు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కరపత్రాలు తీసుకున్నవారిలో నూటికి దాదాపు పదిమంది అత్యాచారానికి గురైతే, శిక్షణ పొందినవారిలో ఐదుగురు. ఆ 12 గంటలూ తన్నడం, గుద్దడం మాత్రమే నేర్పలేదు. తెలిసినవాడి ప్రవర్తన ఎక్కడ తేడాగా ఉందో కనిపెట్టడం, మొహమాటం వదిలి కాదనడం కూడా నేర్పారు. (కరపత్రం ఒక్కటే చాలదని మీ చేతిలో ఉన్న ఈ కరపత్రమే ఒప్పుకుంటోంది. అందుకే గ్రౌండుకు రమ్మంటున్నాం.)

ఇక దెబ్బల సంగతి. గాల్లోకి ఎగిరి పదిమందిని పడగొట్టడం సినిమావాళ్ళకే వదిలేశాం. మణికట్టు పట్టుకున్నాడా, వాడి బొటనవేలి వైపు మెలిపెట్టి లాగు. పిడికిట్లో బలం తక్కువ ఉండే చోటు అదే. జడ పట్టి లాగితే, ఆ చేతినే నీ రెండు చేతులతో తలకు అదిమి పట్టు. వెనక నుంచి వాటేసుకుంటే మడమతో పాదం మీద తొక్కు. పట్టు సడలగానే పరుగు. క్షేమంగా ఇంటికి చేరితే గెలిచినట్టే.

"కొడితే కేసు మన మీదే పెడతారేమో" అని చాలామంది భయం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. అత్యాచారం చేయబోయినప్పుడు, యాసిడ్ పోయబోయినప్పుడు ఎదురుదెబ్బకు వాడి ప్రాణం పోయినా అది ఆత్మరక్షణే అంటుంది 38వ సెక్షన్. అయితే ప్రమాదం తప్పి, వాడు పారిపోతుంటే వెంటపడి కొట్టే హక్కు మాత్రం లేదు.

ఇంకో మాట. భయంతో కాళ్ళూచేతులూ ఆడక నిలబడిపోయిన ఆడపిల్లది ఏ తప్పూ లేదు. ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని చట్టమే చెబుతోంది. "కరాటే నేర్చుకుందిగా, తన్నకపోయిందా?" అని ఎవరైనా నోరు జారితే, వాళ్ళనూ మా మొదటి రోజు క్లాసుకు పంపండి.

మొగుడే కొడుతుంటే కర్రసాము పనికొస్తుందా అని ఒక చెల్లెలు అడిగింది. ఒంటరిగా అయితే కష్టం. అక్కడ కావలసింది నలుగురు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ఆడవాళ్ళకు సాయపడే సఖి కేంద్రానికి వెళ్ళండి, తోడు మేమొస్తాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగినవాళ్ళు కరాటే నేర్చినవాళ్ళు కారు. చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని కలిసి నడిచారు. మరుసటి ఏడాదికే అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

"మొహం మీద దెబ్బలు తగిలితే పెళ్ళెవరు చేసుకుంటారు?" నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ వాళ్ళమ్మకూ ఇదే బెంగ పట్టుకుందట. ఆ కూతురు 2022లో, మళ్ళీ 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత. మీ పిల్ల పతకాలు తేనక్కర్లేదు. ట్యూషన్ నుంచి తలెత్తుకుని నడిచొస్తే మాకదే చాలు.

చుడీదార్ అయినా, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకున్నా ఫరవాలేదు. మంచినీళ్ళ సీసా, పాత చున్నీ తెచ్చుకోండి. కర్రలు మావే. ఆ వేళ టిఫిన్ ఎవరు చేస్తారంటారా? ఆదివారమేగా, ఇంట్లో మగవాళ్ళు చేస్తారు. ఉప్మా రవ్వ ఏ డబ్బాలో ఉందో శనివారం రాత్రే చూపించి రండి.

ఇట్లు,
మన వాడ ఆడవాళ్ళం