ఎలుకకు తగ్గింది, మామూకు తగ్గలేదు

ప్రతి జుమా నమాజు అయ్యాక మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు కలౌంజీ నూనె పక్కా ఇలాజ్ అట. సైంటిస్టులూ ఒప్పుకున్నారట. పదిమందికి పంపితే సవాబ్ అట. నిరుడు మా మామూ ఇది నమ్మి పిర్ఫెనిడోన్ మాత్రలు ఆపేశారు. డాక్టరుకు చెప్పలేదు. నాలుగు నెలలకు ఇంటికి ఆక్సిజన్ సిలిండర్ వచ్చింది. మాత్రలు వేసుకుంటే వచ్చేది కాదా? ఖసమ్ తిని చెప్పలేను. ఆ మాత్రలు జబ్బును నయం చేయవు, ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయి, అంతే. ఆ కాస్త మోహ్‌లతే కదా మామూ పోగొట్టుకుంది!

మెసేజ్ పూర్తిగా ఝూట్ కాదు, నా గుస్సా అందుకే. కలౌంజీలో థైమోక్వినోన్ ఉంది, హల్దీలో కర్క్యుమిన్ ఉంది. రెండూ ఎలుకల్లో మచ్చ తగ్గించాయని పేపర్లున్నాయి. ఆ ఎలుకలకు జబ్బు ఎలా తెప్పిస్తారో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కిస్తారు. చాలా ప్రయోగాల్లో మొక్క మందు కూడా ఆ రోజో, అంతకుముందో మొదలవుతుంది. అంటే వాపును ఆపారు, ఏళ్లుగా గట్టిపడిన మచ్చను కరిగించలేదు. పైగా ఎలుక ఊపిరితిత్తి కొన్ని వారాలకు చాలావరకు తనంతట తానే కోలుకుంటుంది. మామూది కోలుకోదు. ఇక హల్దీ సంగతి, మింగిన కర్క్యుమిన్‌లో రక్తంలో కలిసేది బహు తక్కువ.

ఇదంతా అంగ్రేజీ సైన్సు అంటారా? సరే, ఇబ్నె సీనా మాట వినండి. అల్-ఖానూన్‌లో దవాను పరీక్షించే షరతులు రాశారు. పరీక్ష మనిషి మీదే జరగాలన్నది వాటిలో ఒకటి. సింహం మీదో గుర్రం మీదో చేస్తే మనిషి విషయం సాబిత్ కాదన్నారు. దాదాపు వెయ్యేళ్ల కిందటి మాట! ఆయన పేరు బోర్డు మీద రాసుకుని నూనె అమ్మేవాళ్లు ఆ పేజీ చదివారా?

మొక్కల్లో దవా లేదని నా దావా కాదు. చైనాలో ఒక తీగ వేరు నుంచి తీసిన టెట్రాండ్రిన్‌ను సిలికోసిస్‌కు వాడుతున్నారు. ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్‌ను ఒక క్యాన్సర్ మందుతో కలిపి అమెరికాలో 14 మంది మరీజులకు ఇచ్చారు, 2019లో అచ్చయింది. నడక కొంత మెరుగైంది, ఊపిరి పరీక్షలో మార్పు లేదు. పెద్ద పరీక్షలు కావాలన్నారు వాళ్లు. ఆ సబర్ మన ఫార్వర్డ్ భాయిలకు ఏదీ?

కలౌంజీ హదీసు మీద నాకూ ఈమాన్ ఉంది. కానీ ఇలాజ్ చేయించుకోమని కూడా ప్రవక్త (స) చెప్పారు కదా. మాత్రలు పారేయడం ఏ తిబ్బె నబవి?

ఈ మెసేజ్ ఎన్నడూ చెప్పని సంగతి ఒకటుంది. మన దేశంలో 1,084 మంది ఇలాంటి మరీజులను పరిశీలించి 2017లో లెక్క అచ్చువేశారు. వాళ్లలో 47 శాతం మందిది పీల్చే గాలిలోని బూజు, పక్షుల రెట్ట లాంటివి పడక వచ్చిన జబ్బు. అందులో దాదాపు సగంమంది కూలర్ గాలికి అలవాటైనవాళ్లు. మా మామూ గదిలో మార్చి నుంచి జూన్ దాకా కూలరే, మిద్దె మీద ముప్పై కబూతర్లు. వాటి గురించి ఖాందాన్‌లో ఒక్కరం అడగలేదు, నాతో సహా.

కూలర్ గడ్డి మార్చండి. మరీజు ఉన్న ఇంట్లో కబూతర్లను ఎవరికైనా ఇచ్చేయండి. నూనె తాగుతానంటే డాక్టరుకు చెప్పి తాగనివ్వండి. మాత్రలు మాత్రం ఆపనివ్వకండి.